గద్దగుండు దగ్గర రెండో మనిషి

“ఆ రోజు నేను ఆఫీసు దాటి బయటికే రాలేదక్కా,” అన్నాడు సందీప్.

“నన్ను అక్కా అనకు. అలా పిలవడానికి నాకు ఒక్కడే ఉండేవాడు. వాణ్ణి మట్టిలో పెట్టి మూడు వారాలైంది,” అంది ఎవాంజెలిన్.

హైటెక్ సిటీలో నాలుగో అంతస్తు మీటింగ్ రూము అది. అద్దాల తలుపు అవతల కుర్రాళ్ళు కంప్యూటర్ల ముందు వంగి పని చేసుకుంటున్నారు. ఒకరిద్దరు తలెత్తి, తమ టీమ్ లీడర్ ఎదుట తెల్లచీరలో కూర్చున్న నలభయ్యేళ్ళ మనిషి ఎవరా అని చూశారు. సందీప్ లేచి బ్లైండ్స్ దించాడు.

ఎనిమిదేళ్ళు పోలీసు శాఖలో ఫోటోగ్రాఫరుగా పని చేసిన మనిషి ఎవాంజెలిన్. శవాలు, రక్తపు మరకలు, పగిలిన తాళాలు, అన్నీ లెన్సులోంచి చూసింది. ఆ ఉద్యోగం పోయాక అమీర్‌పేటలో ఒక గది తీసుకుని డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకుంది. తమ్ముడు స్టీఫెన్‌కి కెమెరా పట్టుకోవడం నేర్పింది ఆమే. వాడు బోరబండలో స్కూల్ మాస్టరు. సెలవు దొరికితే చాలు, స్నేహితుడు సందీప్‌తోనో, ఒంటరిగానో రాయదుర్గం గుట్టల్లోకి వెళ్ళి డేగల్నీ, రాజాళులనే పెద్ద గద్దల్నీ ఫోటోలు తీసేవాడు. మార్చి మొదట్లో ఒక రోజు అలాగే వెళ్ళాడు. గద్దగుండు అనే కొండరాయి కింద శవమై దొరికాడు.

సమాధి దగ్గర పాస్టరు గారు ఆమె తల మీద చెయ్యి పెట్టి, దేవుడు నీకు శాంతినిస్తాడమ్మా అన్నారు. శాంతి తర్వాత ఇవ్వమనండి, ముందు చంపినవాడి పేరు చెప్పమనండి అంది ఎవాంజెలిన్. తల్లి ఎలిజబెత్ కూడా ఆ మాట విని కూతుర్ని వారించలేదు.

“గద్దగుండు మీది ఆ రాజాళి గూడు ఆఖరిసారి ఎప్పుడు చూశావు?” అని అడిగింది సందీప్‌ని.

“డిసెంబరులో. గుడ్డు పెట్టిన కొత్తలో. తర్వాత ఇక్కడ పని ఎక్కువై వెళ్ళలేదు. స్టీఫెన్ ఒక్కడే వెళ్ళేవాడు.”

ఎవాంజెలిన్ సంచిలోంచి ఒక ఫోటో తీసి బల్ల మీద పెట్టింది. “వాడి కెమెరాలో ఉన్న ఫిల్ములోది. కొత్త రోలు. మూడంటే మూడే ఫోటోలు తీశాడు అందులో. రంగనాథ్ తిరిగిచ్చిన సామానులో వచ్చింది.”

రంగనాథ్ పేరు వినగానే సందీప్ కనురెప్పలు టపటపలాడాయి. రంగనాథ్ ఒకప్పుడు సర్కిల్ ఇన్‌స్పెక్టరు. ఇప్పుడు అతనిదీ డిటెక్టివ్ ఏజెన్సీయే, ఎవాంజెలిన్ దానికి పదింతలు. గుట్టలు కొన్న బిల్డింగ్ కంపెనీకి కాపలా పని కూడా అతనే చూస్తాడు. ఫోటో కోసం గూటిదాకా ఎక్కబోయి, రాజాళి మీద పడితే జారి పొద్దున ఎనిమిదింటికి స్టీఫెన్ పడిపోయాడని రిపోర్టు రాసిచ్చింది అతనే. పోలీసులు దాని మీదే ఫైలు మూశారు.

“చూడు. ఫోటోగ్రాఫర్‌వే కదా. ఏం కనిపిస్తోంది?”

గూటి మీద తల్లి రాజాళి. ముక్కు తెరిచి, రెక్కలు సగం పరిచి పిల్లని కప్పుకుంది. సందీప్ దాన్ని దగ్గరికి తీసుకున్నాడు. భయంలో ఉన్న మనిషికి కూడా తెలిసిన పని చేతికిస్తే నోరు వదులవుతుంది.

“కంగారులో తీసినట్టున్నాడు, కొంచెం షేక్ అయింది. పాపం, ఇంకో నెల ఆగితే పిల్ల ఎగిరిపోయేది. అప్పటికే రెక్కల్లో నల్ల ఈకలు వచ్చేశాయి.”

“ఎక్కడ?”

“ఏంటి?”

“పిల్ల తల్లి రెక్కల కింద ఉంది. తల తప్ప ఏమీ కనిపించడం లేదు. డిసెంబరులో గుడ్డు చూసి వచ్చినవాడివి, నల్ల ఈకలు నీకెక్కడ కనిపించాయి?”

సందీప్ ఫోటోని బల్ల మీద పెట్టేశాడు.

“ఇంకోటి కూడా చెప్తాను విను,” అంది ఎవాంజెలిన్, గొంతు పెంచకుండా. “గూటి ఎదురు గుట్ట మీద వాడికి చిన్న ఆకుపచ్చ గుడారం ఉంది. మాటు అనేవాడు దాన్ని. మనిషి మాటులోకి వెళ్ళడం చూస్తే రాజాళి సాయంత్రందాకా గూటికి రాదు. అందుకని ఇద్దరు వెళ్ళాలి, ఒకడు బయటికొచ్చి దానికి కనపడేలా నడిచి వెళ్ళిపోవాలి. పక్షికి లెక్క రాదు. మనిషి వెళ్ళిపోయాడనుకుని గూటికి వచ్చేస్తుంది. ఈ ఫోటోలో గూటి నీడ కిందకే పడింది, అంటే మిట్టమధ్యాహ్నం. పక్షి గూటి మీదే ఉంది. వాడు ఒంటరిగా వెళ్ళలేదు. రెండో మనిషి ఉన్నాడు. ఆ పని నేర్చుకున్నవాళ్ళు ఈ ఊళ్ళో ఇద్దరే. ఒకడు చచ్చిపోయాడు.”

సందీప్ రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు.

“పొద్దున తొమ్మిదిన్నరకి వెళ్ళాం. నేను వాడి టోపీ పెట్టుకుని, వాడి ఖాళీ బ్యాగు తగిలించుకుని బయటికొచ్చాను. కింద బాటలో రంగనాథ్ ఎదురుపడ్డాడు. స్టీఫెన్ పెట్టిన అర్జీ మీద, రాజాళి పిల్ల ఎగిరేదాకా గుట్టల్లో పేలుళ్ళు ఆపాలని అటవీ శాఖ వాళ్ళు చెప్పినప్పట్నుంచీ ఆయనకి వాడంటే మంట. కనిపిస్తే తరిమేవాడు. స్టీఫెన్ రాలేదా అని అడిగాడు. రాలేదన్నాను. పైన ఎవరూ లేరన్నాను. వాణ్ణి కాపాడుతున్నాననుకున్నాను.”

“తర్వాత?”

“మర్నాడు ఇక్కడికే వచ్చాడు. ఆఖరిగా వాడితో ఉన్నది నువ్వే, కేసు నీ మెడకి చుట్టుకుంటుంది, ఆఫీసులోనే ఉన్నానని చెప్పు చాలన్నాడు. మా నాన్నగారికి తెలిస్తే... కర్నూల్లో మా ఇంట్లో...”

ఎవాంజెలిన్ అతని వంకే చూసింది. కొట్టాలనిపించింది. కొడితే తీరిపోతుందేమోనని భయం వేసి ఊరుకుంది. తీరిపోకూడదు ఇది.

“నీ అబద్ధం పట్టుకునే చంపినవాడు గూటి దగ్గరికి వెళ్ళాడు. చూసేవాళ్ళు లేరనుకున్నాడు. పక్షిని మోసం చెయ్యడానికి మీరు ఆడిన ఆట వాణ్ణీ మోసం చేసింది. అది నీకు తెలుసు.”

“తెలుసు.”

“అయితే లే. నీ కెమెరా, పెద్ద లెన్సు ఎక్కడున్నాయో తీసుకో.”

రాయదుర్గం గుట్టల్లో ఆమె కైనెటిక్ హోండా స్కూటర్ని నాలా దగ్గర తుప్పల్లో పెట్టి, ఇద్దరూ బాట వదిలి ఎండిన నాలాలోంచి నడిచారు. బాట మొదట్లో ఎర్ర బోర్డు కనిపించింది. సాయంత్రం అయిదింటికి పేలుళ్ళు, ఎవరూ రాకూడదని రాసి ఉంది. అప్పటికి పదకొండు దాటింది.

నాలాకి ఒక పక్క గద్దగుండు, నిటారుగా, నల్లగా. దానికి ఎదురుగా ఇంకో గుట్ట. ఆ గుట్ట వాలులో రెండు బండల మధ్య ఉంది మాటు. గుట్ట మొదట్లో రాతిలో తొలిచిన రంధ్రాలు కనిపించాయి. పేలుడుమందు కూరి పైన మట్టితో మూసి ఉన్నాయి. పసుపు వైర్లు గడ్డిలోంచి కిందికి పాకాయి. సాయంత్రం పని అనుకుని ఎవాంజెలిన్ వాటిని దాటుకుని పైకెక్కింది.

మాటు గుడ్డ ఒక వైపు చిరిగి వేలాడుతోంది. కెమెరా, స్టాండు రంగనాథ్ మనుషులు ముందే తీసుకెళ్ళారు. లోపల మోకాళ్ళు ముడుచుకు కూర్చునేంత చోటు. ఎవాంజెలిన్ వాడు కూర్చున్న చోటే కూర్చుంది. ఎదురుగా గుడ్డకి కోసిన కంతలోంచి గూడు తిన్నగా కనిపిస్తోంది. ఎండుకట్టెల కుప్ప. ఖాళీ. పైన ఆకాశంలో కూడా ఏమీ లేదు.

“లెన్సు ఇటివ్వు.”

ఆ గాజులోంచి గూడు చేతికందేంత దగ్గరికొచ్చింది. గూటి మీద నిలువెత్తు రాయి, దాని అంచు. అంచు మీద నాచు గీసుకుపోయి, తెల్లగా ఒక చార. తాడు రాసుకున్న చార. దాని వెనకే రాతిలో దిగేసిన ఇనుప ఊచ. ఊచ చుట్టూ రాతిపొడి ఇంకా తెల్లగానే ఉంది.

“ఫోటోలో తల్లి మాటు వైపు చూడటం లేదు,” అంది ఆమె. “పైకి చూస్తోంది. తాడు కట్టుకుని పైనుంచి ఎవరో దిగుతున్నారు. పిల్లని తీసేస్తే గూడు ఖాళీ. గూడు ఖాళీ అయితే పేలుళ్ళకి అడ్డం లేదు.”

“స్టీఫెన్ ఇక్కడ కూర్చుని చూశాడు అదంతా,” అన్నాడు సందీప్ మెల్లగా.

ఎవాంజెలిన్ లెన్సు పక్కన పెట్టింది. కూర్చున్న బండ వెనక సందులోకి చెయ్యి పెట్టింది. తమ్ముడు చిన్నప్పట్నుంచీ తెలుసు. వాడి అలవాట్లు తెలుసు. మాటులో బూట్లు వేసుకోడు, కంకర చప్పుడవుతుందని. బూట్లు నీడలో పెట్టి, తీయడం అయిపోయిన ఫిల్ము రోళ్ళు అందులో వేసుకుంటాడు. బూట్లు మర్చిపోయి ఇంటికి రాలేను కదక్కా అనేవాడు.

చేతికి తోలు తగిలింది.

రెండు బూట్లూ పక్కపక్కన ఉన్నాయి. మేజోళ్ళు మడిచి లోపల దోపి ఉన్నాయి. కుడి బూటులో, మేజోడు కింద, ఒక ఫిల్ము రోలు.

ఎవాంజెలిన్ కాసేపు ఆ బూట్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. శవపేటికలో పడుకోబెట్టే ముందు వాడి కాళ్ళకి మేజోళ్ళు తొడిగింది ఆమే. అరికాళ్ళు బొబ్బలెక్కి, ఒలిచినట్టు ఉన్నాయి. ఎందుకో అప్పుడు తెలియలేదు. రోలు అయిపోయింది, కొత్తది పెట్టి మూడు తీశాడు, ఇక ఉండబట్టలేకపోయాడు. నిప్పులా కాలుతున్న రాళ్ళ మీద ఉత్తికాళ్ళతో నాలా దాటి, గద్దగుండు వెనక నుంచి పైకి పరిగెత్తాడు. ఒక పక్షిపిల్ల కోసం.

“సందీప్. ఈ రోలు నీ దగ్గర పెట్టుకో. చొక్కా లోపల.” ఆమె తన సంచిలోంచి ఇంకో రోలు తీసి గుప్పిట్లో పట్టుకుంది. “నువ్వు ఇక్కడే కూర్చో. కింద పేలుడు పనివాళ్ళ షెడ్డు దగ్గర ఏం జరిగినా తీస్తూ ఉండు. నేను ఒక్కదాన్నే బాట మీదుగా, అందరికీ కనపడేలా దిగుతాను.”

అదే పాత ఆట, ఈసారి పక్షి రంగనాథ్ అని సందీప్‌కి అర్థమైంది. మొహం తెల్లబోయింది.

“వాడు నన్నేం చేసినా బయటికి రాకు. అరవకు. తీస్తూ ఉండు. నువ్వు నా తమ్ముడికి చేసినదానికి ఇది సరిపోదు. కానీ దీంతో మొదలుపెట్టు.”

అనుకున్నట్టే అయింది. తెల్లచీర బాటలో సగం దిగేసరికి కింద జీపు వచ్చి షెడ్డు ముందు ఆగింది. రంగనాథ్ దిగాడు. ఎత్తు మనిషి, మీసం నెరిసినా నడక ఇంకా స్టేషన్‌లో నడిచినట్టే ఉంటుంది. షెడ్డు నీడలో పేలుడు పని చేసే మేస్త్రీ నారాయణప్ప మందు పేల్చే పెట్టె పక్కన కూర్చుని ఉన్నాడు. అతని మనుషులు ఎండకి భయపడి దూరంగా చెట్టు కింద పడుకున్నారు.

“ఏంది మేడమ్, చెప్పకుండ వచ్చిండ్రు. ఎవ్వర్నడిగి వచ్చిండ్రు?” అన్నాడు రంగనాథ్.

“దొంగతనంగా వచ్చానండి. ఈ గుట్టల్లో అందరూ అలాగే వస్తున్నారు కదా.”

“చేతిల ఏంది?”

“మా తమ్ముడి బూట్లు. పడ్డప్పుడు కాళ్ళనుంచి ఊడి ఎక్కడో పోయాయని రాశారు మీరు. ఊడిన బూట్లు నాలా దాటి, ఎదురు గుట్టెక్కి, మేజోళ్ళు దోపుకుని నీడలో కూర్చున్నాయి.”

“ఎవడో తెచ్చి పెట్టిండు.”

“పొద్దున ఎనిమిదింటికి పడ్డాడని కూడా రాశారు. ఎనిమిదింటికి ఈ రాయి చల్లగా ఉంటుందండి. వాడి అరికాళ్ళు కాలి బొబ్బలెక్కాయి. బతికున్న కాళ్ళే బొబ్బలెక్కుతాయి.”

“డాక్టర్ గదేం రాయలే.”

“రాయలేదు. మేజోళ్ళు తొడిగింది నేను, డాక్టర్ కాదు.”

రంగనాథ్ నవ్వాడు. నవ్వుతూనే దగ్గరికొచ్చాడు. “నువ్వు మారలే ఎవాంజెలిన్. ఫోటోలు తీయనీకి పిలిస్తే కేసు చెప్పేదానివి. గప్పుడే నీకు చెప్పిన, జర నీ పని నువ్వు చూస్కొమ్మని.”

చెప్పాడు. లాకప్పులో దెబ్బలు తిన్న ఒక కుర్రాడి వీపు ఫోటోల నెగెటివ్‌లు ఇమ్మన్నప్పుడు చెప్పాడు. ఇవ్వనన్నందుకే ఆమె ఉద్యోగం పోయింది. ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చింది. ఇవాళ ఏడుపు రాలేదు. ఎన్నాళ్ళుగానో కాచుక్కూర్చున్నదేదో లోపల మెల్లగా కళ్ళు తెరిచింది.

“ఇంకో చేతిల ఏమున్నది?”

“బూటులో దొరికింది.” గుప్పిట కొంచెం తెరిచి చూపించింది. “వాడు పరిగెత్తే ముందు తీసిన రోలు.”

రంగనాథ్ ఆమె మణికట్టు పట్టుకుని మెలిపెట్టాడు. రోలు లాక్కున్నాడు. ఫిల్ము కొస పట్టుకుని ఒక్క లాగు లాగితే గోధుమరంగు పట్టీ అంతా సర్రున ఎండలోకి వచ్చి కింద చుట్టలు చుట్టుకుంది. బూటుకాలితో తొక్కాడు.

“ఇగ ఏమున్నది నీ దగ్గర?”

“అందులో ఏముందో మీరు చూడలేదు. గడ్డి ఫోటోలే ఉండొచ్చు. ఎందుకంత భయపడ్డారు?”

“నాకు భయమా? వాడు గూడ గిట్లనే మాట్లాడిండు. చెప్పిన వానికి, పక్కకు జరుగు, దిగి పో అని. ఇన్నడా?”

అనేశాక ఆగాడు. స్టీఫెన్‌ని బతికుండగా ఆ రోజు చూడనే లేదని అతను పోలీసులకి రాసిచ్చాడు. షెడ్డులో నారాయణప్ప తల దించుకుని నేల చూస్తున్నాడు.

“విన్నాను,” అంది ఎవాంజెలిన్.

“ఇను. కోర్టుల చెప్పుకో. నీ మాట ఎవడు నమ్ముతడు?” అని గుట్ట వైపు చూశాడు. బూట్లు దొరికిన చోటు. ఇంకా ఏం దొరుకుతాయో తెలియని చోటు. “నారాయణప్పా, గా గుట్టకు కూరిన మందు ఇప్పుడే పేల్చు.”

“సాయంత్రం కదా సార్. బోర్డు కూడా పెట్టినాం.”

“ఇప్పుడే అంటున్న. మాటు గీటు ఏమి ఉండొద్దు. లేపెయ్.”

ఈ లెక్క ఎవాంజెలిన్ వెయ్యలేదు.

మాటులో సందీప్ ఉన్నాడు. ఉన్నాడని చెబితే చొక్కాలో రోలు, కెమెరాలో ఇప్పుడు తీసినదంతా రంగనాథ్ చేతికి పోతాయి. వాడు మళ్ళీ మీసం మెలేస్తూ తిరుగుతాడు. చెప్పకపోతే? పైన ఎవరూ లేరని ఒక మాట అని ఆమె తమ్ముణ్ణి చావుకి వదిలినవాడే ఇవాళ పైన ఉన్నాడు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, నోరు మూసుకోవడం ఎంత సులువో ఆమెకి తెలిసింది.

“ఆపండి. పైన మనిషి ఉన్నాడు.”

రంగనాథ్ పగలబడి నవ్వాడు. “నాకా చెప్తున్నవ్? ఒక్కదానివే దిగినవ్. నా కండ్లతోటి చూసిన. ఎవ్వరు లేరు. నారాయణప్పా, విజిల్ కొట్టు.”

ఇక అతనితో మాట్లాడి లాభం లేదు. ఎవాంజెలిన్ బూట్లు కింద పడేసి గుట్ట వైపు పరిగెత్తింది. వెనక విజిల్ మోగింది. రంగనాథ్ తిట్టడం వినపడింది. “పిచ్చిది... నారాయణప్పా, పో, ఈడ్చుక రా దాన్ని.” కంకర మీద ఇంకొకరి అడుగులు. ఆమె చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని మట్టి కప్పిన రంధ్రాల మీదుగానే ఎక్కింది. “సందీప్, బయటికి రా,” అని అరిచిన అరుపుకి గొంతు బొంగురుపోయింది.

సందీప్ బయటికొచ్చాడు. కెమెరా మెడలోనే ఉంది. అతను ఆమెని చూడలేదు, ఆమె వెనక వస్తున్నవాణ్ణి చూశాడు.

నారాయణప్ప ఆయాసపడుతూ ఎక్కి, ఆమెని పట్టుకోకుండా బండకి ఆనుకుని నిలబడిపోయాడు. సందీప్‌ని చూసి కళ్ళు మూసుకున్నాడు.

“ఉండాడు. నిజంగానే ఉండాడు.” జేబులోంచి ఒక ఇనుప పిడి తీసి చూపించాడు. పేలుడు పెట్టెకి తగిలించి తిప్పే పిడి. “దీన్ని పీక్కోని వచ్చినానమ్మా. ఆ పొద్దు కూడా ఎవురూ లేరనే చెప్పినాడు ఆయప్ప, మా రంగనాథ్ సారు. రెండోసారి నా చేతులతో కానియ్యను.”

“ఆ రోజు తాడు కట్టుకుని దిగింది నువ్వా?”

“నేనే. పిల్లను గంపలో పెట్టుకోని పైకొచ్చినా. అప్పుడు వచ్చినాడు మీ తమ్ముడు, ఉత్తకాళ్ళతో. కాళ్ళంటా రగతం. నన్ను ఒక్క మాట అనలేదమ్మా. రెండు చేతులూ చాచి, ఇయ్యి అన్యాడు. ఇచ్చేస్తి. దాన్ని ఎదకి ఆనించుకోని తిరిగి గూటికాడికి నడిచినాడు. ఆయప్ప ఎదురొచ్చి రెండు చేతులతో కిందికి నూకేసినాడు.”

ఎవాంజెలిన్ ఎదురుగా ఉన్న గద్దగుండు అంచు వైపు చూసింది. “వాడు పట్టుకోలేదా? అంచున ఆ ఊచ ఉంది కదా. చెట్టు వేళ్ళున్నాయి. వాడికి ఎక్కడం దిగడం బాగా వచ్చు.”

“చేతులు ఖాళీగా లేవు కదమ్మా,” అన్నాడు నారాయణప్ప. “పిల్లను వదల్లేదు. కింద పడినాక కూడా వదల్లేదు. చేతి ఏళ్ళు ఒకటొకటీ ఇప్పి పిల్లను తీసుకున్యాడు ఆయప్ప.”

ఎవాంజెలిన్ మూడు వారాలుగా దేవుణ్ణి అడిగిన పేరు దొరికింది. ఆ పేరు గలవాడు కింద ఎండలో నిలబడి పైకి చూస్తున్నాడు. ఒక్కతే దిగిందనుకున్న చోట ముగ్గురు కనిపిస్తున్నారు, వాళ్ళలో ఒకడి మెడలో కెమెరా ఉంది. అతను కదలకుండా చూసిన తీరులోనే ఎవాంజెలిన్‌కి తెలిసింది, ఇప్పుడతనికి లెక్క అర్థమైందని. సాక్షి, ఫిల్ము ఉన్నవాడు, ఆమె, ముగ్గురూ ఒకే గుట్ట మీద, మందు కూరిన రంధ్రాల మధ్య.

రంగనాథ్ షెడ్డులోకి వెళ్ళి పెట్టె మీద వంగాడు. పిడి లేదని చూసి లేచాడు. తర్వాత వైరు కొసలు చేత్తో పట్టుకుని జీపు దగ్గరికి నడిచి, బానెట్ ఎత్తాడు.

“పిడి లేకపోతే ఏం,” అన్నాడు నారాయణప్ప. “మందు పేల్చేకి జీపు బ్యాటరీ చాలమ్మా.”

అతను దగ్గర్లో ఉన్న రంధ్రం మీదికి దూకి మట్టి గీకసాగాడు. ఎవాంజెలిన్ అంత దూరం ఆలోచించలేదు. గడ్డిలో పసుపు వైరు కనిపించింది. వంగి రెండు చేతుల్తో పట్టుకుని, కాళ్ళు బండకి తన్నిపెట్టి, ఒంట్లో ఉన్న పగంతా పెట్టి లాగింది. అరచేతులు కోసుకుపోయాయి. వైరు నాలా మీదుగా తేలి, బిగుసుకుని, ఒక్కసారి వదులైంది. జీపు దగ్గర రంగనాథ్ వెనక్కి తూలాడు. అతని చేతిలోంచి ఊడిన కొసలు రాళ్ళ మీద పాములా జరజరా పాకుతూ ఆమె వైపు వచ్చాయి.

ఆమె వాటిని మోచేతికి చుట్టుకుంటూ కిందికి దిగడం మొదలుపెట్టింది. వెనక సందీప్ కెమెరా ఆగకుండా చప్పుడు చేస్తోంది.

కింద బానెట్ ధడాలున పడింది. జీపు స్టార్టయింది. రోడ్డు వైపు తిరగలేదు. రాళ్ళ మీద ఎగిరిపడుతూ బాటలోకి, గుట్ట పైకి, తిన్నగా ఆమె మీదికి వస్తోంది.

“అమ్మా, పక్కకి రా,” అని అరిచాడు నారాయణప్ప.

ఎవాంజెలిన్ బాట మధ్యలో ఆగి నిలబడింది. తల తిప్పకుండానే సందీప్‌తో అంది:

“నంబరు ప్లేటు కాదు. వాడి మొహం తియ్యి.”